ఎడమ చక్రం మీద గీతలు

ఆ శబ్దం ఒక్కసారి విన్నవాళ్లు మర్చిపోలేరు. కర్‌ర్‌ర్... అని, మన పళ్లనే ఎవరో రాతికేసి రాస్తున్నట్టు ఉంటుంది. పోయిన వానాకాలం ఒక ఆదివారం, కూకట్‌పల్లిలో బిర్యానీ పార్సిల్ కోసం ఫుట్‌పాత్ పక్కన కారు పెడుతుంటే వినిపించింది. దిగి చూశా. ఎడమవైపు ముందు చక్రం. అల్లాయ్ అంచు మీద బెత్తెడు పొడవున వెండి రంగు లేచిపోయి, లోపలి లోహం గరుకుగా మెరుస్తోంది.

కారు నాదైతే ఓ బూతు మాట అనుకుని వదిలేసేవాణ్ని. అది బాపుది.

బాపు కరీంనగర్‌లో 31 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపాడు. ఒక్క యాక్సిడెంట్ లేదు. ఇంటికి ఎవరొచ్చినా చాయ్ అయిపోయేలోగా ఈ మాట ఎలాగోలా వచ్చేస్తుంది. రిటైరయ్యాక వచ్చిన డబ్బుల్లోంచి ఈ సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. పాత ఓనర్ వేయించుకున్న అల్లాయ్ వీల్స్ చూసి మొదట్లో "ఇనుప చక్రాలకు ఏమైంది? గివి సోకులకు" అని సణిగాడు. నెల తిరగకముందే పాత టూత్ బ్రష్‌తో ఆ చక్రాల సందులు తోముతూ కనిపించాడు. ఇద్దరూ హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చేశాక కూడా పొద్దున లేవగానే సెల్లార్‌లోకి వెళ్లి కారు చుట్టూ ఒక రౌండ్ వేస్తాడు, టైర్లను కాలితో తంతాడు. డ్యూటీ ఎక్కేముందు బస్సు చుట్టూ తిరిగే అలవాటు ఇంకా పోలేదు.

ఆ రాత్రి కారు ఎడమవైపు గోడకు దగ్గరగా పెట్టా. ఎంత దగ్గరగా అంటే, ఆ వైపు మనిషి దూరలేడు. పొద్దున బాపు ఏమీ అనలేదు. బతికిపోయా అనుకున్నా.

మరుసటి రోజు ఆఫీసు నుంచి వస్తూ ఒక షాపులో ఫొటో చూపించా. అతను ముందు అడిగింది "డైమండ్ కట్టా, మామూలు పెయింటా?" అని. చక్రం ముఖం అద్దంలా తళతళలాడుతూ, దగ్గరగా చూస్తే గ్రామఫోన్ రికార్డు మీదున్నట్టు సన్నటి గీతలు కనిపిస్తే అది డైమండ్ కట్. దాన్ని ఇంట్లో ముట్టుకోకూడదు. లేత్ మెషిన్ మీద పైపొర చెక్కాలి, చెక్కిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది కాబట్టి అదీ కొన్నిసార్లే. మనది మామూలు సిల్వర్ పెయింట్. చక్రానికి రెండున్నర వేలు, రెండు రోజులు అన్నాడు. నెలాఖరు. పైగా రెండు రోజులు కారు ఏమైందని బాపుకి ఏం చెప్పాలి?

అదృష్టమో దురదృష్టమో, ఆ శుక్రవారం ఊళ్లో పెళ్లికని అమ్మా బాపూ బస్సులో వెళ్లారు. మూడు రోజులు. యూట్యూబ్‌లో ఇది పది నిమిషాల పని. రాణిగంజ్ వెళ్లి నాలుగు రకాల వాటర్ పేపర్లు, ఎపాక్సీ పుట్టీ, ప్రైమర్, సిల్వర్ స్ప్రే, క్లియర్ కోట్, మాస్కింగ్ టేప్ తెచ్చా. మొత్తం పన్నెండు వందల దాకా అయింది.

ఆ మూడు రోజుల్లో నేను చేయని తప్పు లేదు. చక్రాన్ని షాంపూతో కడిగా గానీ థిన్నర్ గుడ్డతో తుడవలేదు. బ్రేకుల నుంచి వచ్చే నల్ల పొడి, జిడ్డు కలిసి చక్రానికి అట్టకట్టి ఉంటాయి. వాటి మీద వేసిన రంగు నిలవదు. గీత అంచున లేచిన పదునైన ముళ్లను ఆకురాయితో తియ్యకుండానే పుట్టీ పూశా. అది సరిగ్గా గట్టిపడకముందే రుద్దా. ప్రైమర్ కూడా ఇంటి గేటుకు వేసేదే తెచ్చా. అల్యూమినియం నున్నటి లోహం, దాన్ని పట్టుకునే ఎచ్ ప్రైమర్ వేరే ఉంటుందని అప్పటికి తెలీదు. చివరికి సిల్వర్ స్ప్రే ఒకేచోట దట్టంగా కొడితే కన్నీటి చుక్కల్లా కిందికి కారింది. క్లియర్ కోట్ వేసిన గంటకి బయట జోరున వాన. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ పొర తెల్లగా మసకబారుతుందట. నాది పాలు ఒలికినట్టు మసకబారింది.

సోమవారం పొద్దున బాపు రౌండ్ వేశాడు. నేను పైన బాల్కనీలో బ్రష్ చేస్తూ కిందికి చెవులు పెట్టా.

"ఒరేయ్, కిందికి రా. ఇది ఎవడు వేసిండు? గోడలకు సున్నం వేసెటోడా?"

"అంటే... బాపు, చిన్న గీత పడితే..."

"గీత పడ్డది ఆదివారం. నేను సోమవారమే చూసిన. గోడకు ఆనిచ్చి పెడితే కనపడదనుకున్నవా? నువ్వే చెప్తవేమోనని ఊకున్న."

ఇంతకంటే తిడితే బాగుండేది. వచ్చే ఆదివారం దీన్ని సరిగ్గా చేద్దామన్నాడు. డిపోలో మెకానిక్‌ల పక్కన కూర్చుని చూసిన పని అంతా ఆయన చేతుల్లో ఉంది.

ఆదివారం మొదట ఆయన ముట్టుకున్నది రంగు డబ్బా కాదు, టైరు. సైడ్‌వాల్ మీద చేత్తో నిమిరి ఎక్కడైనా ఉబ్బు ఉందా, కోసుకుపోయిందా చూశాడు. జాకీ ఎత్తి, ఆ జాకీని నమ్మకుండా స్టెప్నీని కారు కిందికి తోశాడు. జాకీ జారినా కారు దాని మీద పడుతుంది, మన మీద కాదు. చక్రాన్ని తిప్పి ఊగుతోందేమో చూశాడు. తర్వాత విప్పి, లోపలి వైపు టార్చి కొట్టి పగుళ్ల కోసం వెతికాడు. అందం చెడితే రంగు వేసుకోవచ్చు గానీ, పగిలినా వంగినా పుట్టీ పూసి దాచడం అంటే ప్రాణాలతో ఆట అన్నాడు. నిజమే, అసలు తెలుసుకోవాల్సింది ఇదే. నేనేమో మూడు రోజులూ షేడ్ కలిసిందా లేదా అనే చూశా.

నేను వేసిందంతా గీకేశాం. టైరుకీ రిమ్ముకీ మధ్య సందులో నా పాత విజిటింగ్ కార్డులు వరసగా గుచ్చాడు. టేపు కంటే ఇది నయం, రంగు టైరు మీద పడదు. ఆ కంపెనీ మానేశాక ఆ కార్డులు పనికొచ్చింది ఇదొక్కసారే. ఆకురాయితో ముళ్లు తీసి, 120 నంబర్ పేపర్‌తో మొదలుపెట్టి 240, 400, ఆఖర్న నీళ్లు పోస్తూ 800. నంబర్ పెరిగేకొద్దీ పేపర్ నున్నబడుతుంది. "కండ్లు మూసుకుని వేలు పెట్టు. గీత ఎక్కడుందో వేలికి తెల్వొద్దు, అప్పుడు ఆపు" అన్నాడు. చూపు మోసపోతుంది, వేలు మోసపోదు. పుట్టీ గుంటలు నిండేంత వరకే. టైరు అంచు కూర్చునే చోట, నట్లు కూర్చునే గుంటల్లో పుట్టీ గానీ రంగు గానీ పడనివ్వలేదు. స్ప్రే జానెడు దూరం నుంచి, చెయ్యి ఆపకుండా, పల్చగా మూడు పొరలు. పొరకీ పొరకీ మధ్య పావుగంట. ఆ పావుగంటల్లోనే అమ్మ మూడుసార్లు చాయ్ పంపింది.

రంగు ఆరుతుంటే, ఎలాగూ కూర్చున్నాం కదా అని వెనక చక్రం కూడా కడుగుదామని అటు జరిగా. అదీ ఎడమదే.

దాని మీద మూడు గీతలున్నాయి.

ఒకటి పాతది. లక్క కింద తెల్లటి పొడి పట్టింది. అల్యూమినియానికి ఇనుములా ఎర్ర తుప్పు పట్టదు, పై పొర లేచిన చోట ఇలా తెల్లబారుతుంది, దానికి నెలలు పడుతుంది. రెండోది కొంచెం మసక. మూడోది కొత్తది, నాది మెరిసినట్టే మెరుస్తోంది. ముందు నాకు నవ్వొచ్చింది. కుడివైపు రెండు చక్రాలూ చూశా. ఒక్క గీత లేదు. ఎడమ అద్దం అంచున కూడా సన్నగా రాసుకుంది.

"బాపు, ఇవి నావి కావు."

ఆయన వచ్చి వంగి చూశాడు. వేలు పెట్టి చూశాడు. అబద్ధం ఆడితే నాకు తెలుస్తుంది. ఆయన ఆడలేదు.

"నాకు తెల్వదురా. తగిలినట్టే తెల్వలే."

రెండున్నర మీటర్ల వెడల్పున్న బస్సును, ఆ చివర ఉన్న ఎడమ అంచును కుడివైపు సీట్లోంచి 31 ఏళ్లు కొలిచిన మనిషి. పల్లె రోడ్ల మీద ఎడ్లబండిని జానెడు దూరంలో దాటించిన మనిషి. అంతకంటే ఎంతో సన్నటి కారు ఎడమ అంచు తెలియలేదంటున్నాడు. సర్వీసులో ఉన్నప్పుడు కళ్ల పరీక్షలు చేసేవారు. రిటైరయ్యాక ఆయన వెళ్లలేదు, నేను అడగలేదు. పేపర్ చదువుతాడు, టీవీ చూస్తాడు, ఇంకేం పరీక్ష అనుకున్నా.

కంటి ఆసుపత్రిలో ఒక మెషిన్‌లో గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. ఎదురుగా చుక్క వైపే చూస్తూ, చుట్టూ ఎక్కడ వెలుగు మెరిస్తే అప్పుడు బటన్ నొక్కాలి. ఎడమ కన్ను వంతు వచ్చినప్పుడు నేను పక్కన నిలబడి ఉన్నా. చాలాసేపు బటన్ చప్పుడు రాలేదు.

గ్లకోమా. మనవాళ్లు నీటికాసులు అంటారు. నొప్పి ఉండదు, చాలామందిలో మొదట పక్కచూపే పోతుంది, ఎదురుగా ఉన్నది చక్కగా కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి మనిషికి అనుమానం రాదు. పోయిన చూపు తిరిగి రాదని డాక్టర్ చెప్పారు. మిగిలింది కాపాడుకోవడానికి రోజూ చుక్కలు, మానకుండా. ఇది ఇళ్లల్లో నడుస్తుంది, మీరూ చెక్ చేయించుకోండి అని నాకూ చెప్పారు. బాపు ఒక్కటే అడిగాడు.

"బండి నడపొచ్చా?"

డాక్టర్ వద్దన్నారు. వస్తుంటే కారు నేనే నడిపా. దారిలో ఇద్దరం మాట్లాడుకోలేదు. జేఎన్‌టీయూ దగ్గర సిగ్నల్‌లో, "ఆ మూడు గీతలు ఫుట్‌పాత్‌వి కాబట్టి సరిపోయింది" అన్నాడు. అంతే. దాని గురించి నేనేమీ అనలేకపోయా.

వెనక చక్రం పని తర్వాతి ఆదివారం పూర్తి చేశాం. ఈసారి స్ప్రే నేనే పట్టుకున్నా, కార్డులు ఆయన గుచ్చాడు. రంగు పూర్తిగా గట్టిపడాలని ఒక రోజంతా కారు కదపలేదు, వారం దాకా కడగలేదు. నట్లు ఒకదాని పక్కది కాకుండా నక్షత్రం గీసినట్టు ఎదురెదురువి బిగించాలి. ఓ 50 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగువు చూసుకోవాలి. ఆ రెండోసారి చూడటం నేను మర్చిపోతే ఆయన స్పానర్ తెచ్చి చేతిలో పెట్టాడు.

ఇప్పుడు బాపు ఎడమ సీట్లో కూర్చుంటాడు. పార్కింగ్ చేస్తుంటే అద్దం దించి, తల మొత్తం బయటికి తిప్పి చూస్తాడు. "ఇంకా రెండు జానలుంది... రా... జానెడు... చాలు." పొద్దుటి రౌండ్ మానలేదు. చుక్కలు వేసుకుని ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుంటాడు, తర్వాత కిందికి వెళ్తాడు.

మొన్న శనివారం ఆయన లేకుండా వెళ్లా. కుడివైపు వెనక చక్రం డివైడర్‌కి రాసుకుంది, చిన్నదే, వేలెడంత. ఈసారి కారు గోడకు ఆనించలేదు. నేరుగా పైకి వెళ్లి చెప్పేశా. బాపు నవ్వాడు.

"ఇది మాత్రం నీదే" అంటూ లేచి, అటకమీది నుంచి సిల్వర్ డబ్బా తీసి చెవి దగ్గర ఊపి చూశాడు. ఇంకా కొంచెం ఉంది.