కూతకు ముందొక మాట



భయానక రసానికి స్థాయీభావం భయమనీ, దానిని పుట్టించే విభావాలలో వికృతమైన ధ్వని ఒకటనీ నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పాడు. 30 ఏళ్ళకు పైగా తరగతి గదుల్లో ఈ మాటను పాఠంగా చెప్పినవాణ్ణి. అక్షరాలింకా రాని నా మనుమరాలు రెండున్నరేళ్ళ ప్రాయంలో ఆ పాఠానికి సజీవమైన ఉదాహరణగా నా ఎదుట నిలిచింది.

దానికి మొదట కుక్కరు కూత భయం. తరువాత మిక్సీ, ఆ తరువాత వీధిలో లారీ హారను. కూత వినగానే రెండు చేతులా చెవులు మూసుకొని, ఊపిరి బిగబట్టి, దగ్గరున్నవారి కాళ్ళను చుట్టేసుకొనేది. కొన్నాళ్ళకు కూత దాకా కూడా పోలేదు, పొయ్యి వెలిగించిన చప్పుడుకే ఏడుపు. వంటింటి గడప తొక్కడం మానింది. అక్కడినుంచి వచ్చిన అన్నమూ వద్దన్నది. ఉద్యోగానికి పోవలసిన మా కోడలు, పిల్ల లేవకముందే వంట ముగించాలని తెల్లవారుజామున నాలుగున్నరకే లేచేది. పిల్ల చిక్కిపోతున్నదని ఒకనాడామె కళ్ళనీళ్ళు పెట్టుకొన్నది. నవ్వి ఊరుకోదగిన విషయం కాదిది.

ముందుగా పిల్లల వైద్యునికి చూపించాము. వినికిడి, మాట, ఆట అన్నీ సరిగానే ఉన్నాయన్నారు. నెలల పసికందు చప్పుడుకు ఉలికిపడి చేతులు విదల్చడం కేవలం శరీర ధర్మం. ఆరు నెలల లోపల అది సాధారణంగా అణగిపోతుంది. ఈ భయం వేరు. ఊహ తెలియడంతోపాటు వచ్చేది. చప్పుడు వస్తుందని పిల్లకు గుర్తుంటుంది. ఎప్పుడు వస్తుందో, ఎందుకు వస్తుందో, ఎప్పటికి ఆగుతుందో తెలియదు. ఆ తెలియనితనమే భయమంతా.

బంధువులలో పెద్దాయన ఒకరు, "పక్కన కూర్చోబెట్టి మిక్సీ తిప్పండి బాబూ, రెండు రోజులేడ్చి మూడోనాటికి అదే అలవాటు పడుతుంది" అన్నారు. వారి అనుభవాన్ని గౌరవిస్తాను గాని ఆ సలహాకు నేను ఒప్పుకోలేదు. పట్టి ఉంచి వినిపిస్తే పిల్ల నేర్చుకొనేది చప్పుడు మంచిదని కాదు, పట్టుకొన్న చేతులు నమ్మదగినవి కావని. అలాగని ఇల్లంతా నిశ్శబ్దం చేసి కూర్చుంటే, నీ భయం నిజమేనని మనమే దానికి చెప్పినట్లవుతుంది.

నాకు దారి దొరికినది విరాటపర్వంలో. ఉత్తరుడనగానే మనకు ప్రగల్భాలే జ్ఞాపకం వస్తాయి. జమ్మిచెట్టు మీది ఆయుధాలు దించుకొన్నాక అర్జునుడు శంఖం పూరిస్తాడు. గుర్రాలు మోకాళ్ళ మీద కూలబడతాయి. ఉత్తరుడు రథంలో చతికిలబడతాడు. అర్జునుడు గుర్రాలను నిలబెట్టి, కుర్రవాణ్ణి కౌగిలించుకొని ఊరడిస్తాడు. కాళ్ళు నిలదొక్కుకో, పగ్గాలు గట్టిగా పట్టుకో, మళ్ళీ ఊదబోతున్నానని హెచ్చరిస్తాడు. కౌగిలి, చేతికొక పని, ముందుగా ఒక మాట. ఈ మూడింటికి మించిన చికిత్స నాకు కనబడలేదు.

మరునాడు పిల్లనెత్తుకొని వీధి అరుగు మీద కూర్చున్నాను. దాని చేతిలో మూడు గవ్వలు. "ఇప్పుడు కుక్కరు మూడుసార్లు కూస్తుంది తల్లీ. కూతకొక గవ్వ గిన్నెలో వేద్దాం" అన్నాను. అంత దూరాన కూత సన్నగా వినిపించింది. మూడో గవ్వ పడగానే కోడలు పొయ్యి కట్టేసి, "అయిపోయింది" అని కేక వేసింది. కొన్నాళ్ళకు అరుగు మీదినుంచి నడవలోకి, అక్కడినుంచి వంటింటి గడపకు జరిగాము. మధ్యలో జ్వరం వచ్చి పిల్ల మళ్ళీ అరుగు దగ్గరికే పోయింది; నేనూ దాని వెంటే పోయాను. అటువంటప్పుడు తొందర పనికిరాదు.

మన తెలుగులో ధ్వన్యనుకరణ పదాలకు లోటు లేదు కదా! చప్పుడుకొక పేరు పెట్టాము. కుక్కరుది కుయ్, మిక్సీది గుర్ర్, ఉరుముది ఢమఢమ. పేరు పెట్టిన దానిని పిల్ల తిరిగి కూయగలిగింది. మిక్సీకి మాత్రం అదే అధికారి: అది "తిప్పు" అంటే తిప్పాలి, "ఆపు" అంటే తక్షణం ఆపాలి. ఒక్క క్షణం ఆలస్యం చేసినా మాట తప్పినట్లే.

ఇంతలో దీపావళి వచ్చింది. నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ మించి పేలే టపాకాయలు కూడదని 1999 నాటి నిబంధన. ఆ హద్దు లోపలి చప్పుడైనా పసిచెవికి తక్కువేమీ కాదు. మా పెరట్లో మతాబులు, కాకరపువ్వొత్తులు మాత్రమే కాల్చాము. వీధి చివర లక్ష్మీబాంబు పేలేసరికి పిల్ల నా మెడ కావలించుకొని ఏడ్చింది. భయం పూర్తిగా పోయిందని నేను చెప్పను. అయితే కాసేపటికి తల ఎత్తి, "అయిపోయిందా తాతా?" అని అడిగింది. అయిపోయిందన్నాను. "ఇంకోటి వత్తుందా?" అన్నది. వస్తుందని నిజమే చెప్పాను. చెవులు తానే మూసుకొని, రెండోదాని కోసం ఎదురుచూసింది.

ఎప్పుడూ చెవులు మూసుకొంటూ, మాట కూడా వెనుకబడిన పిల్లలుంటే ఇంటి వైద్యంతో సరిపెట్టక డాక్టరుకు చూపించండి. మిగిలినవారికి నా మనవి ఒక్కటే. పసిపిల్లలున్న ఇంటిముందు బాంబు వెలిగించేటప్పుడు ఒక్క కేక వేసి వెలిగించండి. రెండోసారి అర్జునుడంతటివాడే చెప్పి ఊదాడు.