రంగు వేయుటకు ముందు

ఇంటి గోడకు సున్నము వేయువాడు మొదట పాత పెచ్చులను గీకివేయును. పెచ్చుమీద వేసిన సున్నము ఆ పెచ్చుతోకూడ రాలిపోవునని అతడెరుగును. కారు చక్రము వెనుకనుండు కాలిపరుకు ఇంటియొద్ద రంగు వేయగోరువారును ఈ సంగతి నెరిగియుండవలెను. గోడ పెచ్చూడినయెడల చూపునకు బాగుండదు, అంతే. కాలిపరు సంగతి అట్టిది కాదు. మన ఇంటివారి ప్రాణములు దానిమీద ఆధారపడియున్నవి.

కాలిపరనగానేమి? చక్రముతోకూడ తిరుగు ఇనుప పళ్లెము ఒకటి కలదు. దానిని డిస్కు అందురు. ఆ పళ్లెమును రెండు ప్రక్కలనుండి పట్టుకొను పట్టకారువంటిది కాలిపరు. మనము పెడలు త్రొక్కగానే బ్రేకు ఆయిలు ఒత్తిడివలన పిస్టను ముందుకు వచ్చి లోపలి ప్యాడును డిస్కునకు అదుమును. అప్పుడు కాలిపరు తన పిన్నులమీద జారి, వెలుపలి ప్యాడునుకూడ లాగి అదుమును. ఆ జారుట ఆగినయెడల పట్టు సగమే యగును. లాంచెస్టరు అను ఆంగ్లేయుడు 1902లోనే డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సు దేశమందలి లే మాన్స్ పందెమును డిస్కు బ్రేకులుగల జాగ్వారు కారు గెలిచిన తరువాత దీనికి గొప్ప పేరు వచ్చెను. నేడు మన పల్లెలలో తిరుగు చిన్న కార్లకు సాధారణముగా ముందు చక్రములకు డిస్కులును, వెనుక చక్రములకు డ్రమ్ములును ఉండును.

ఈ కార్ల కాలిపరులు ఎక్కువగా పోత ఇనుముతో చేయబడినవి గనుక తుప్పు పట్టును. మావంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలివలన మరింత త్వరగా పట్టును. మంచి రంగు ఆ తుప్పును అడ్డగించును. అయితే రంగువలన బ్రేకు బలము ఏమాత్రమును పెరుగదు.

2021లో నా మేనల్లుడు ఒక పాత కారు కొనెను. అమ్మినవాడు కాలిపరులకు ఎర్రరంగు వేయించియుండెను. చూచినవారందరు మెచ్చుకొనిరి. కొన్ని నెలలకు రంగు అక్కడక్కడ లేచెను. బ్రేకు త్రొక్కినప్పుడు కారు ఒక ప్రక్కకు లాగుచుండెను. "మామయ్యా, లేచినచోట మరల కొంచెము రంగు పూసిన చాలదా?" అని వాడడిగెను. "ముందు విప్పి చూతము, అబ్బాయీ" అంటిని.

విప్పగా, తుప్పు పెచ్చులమీదనే రంగు పూసినట్లు కనబడెను. పిన్నుల రబ్బరు తొడుగులమీదకూడ రంగు పడి, ఎండి, చిట్లియుండెను. ఆ చీలికలగుండ నీరు దిగి పిన్ను బిగుసుకొనిపోయెను. లోపలి ప్యాడు ఇంచుమించు ఇనుప రేకు వరకు అరిగెను. వెలుపలిది సగముకూడ అరుగలేదు. పైన పటారము, లోన లొటారము! వాడు ఆ రెండు ప్యాడ్లను చేతిలో పట్టుకొని చాలసేపు మాటలాడలేదు. ఆ కారులోనే వారము వారము తల్లిని ఆసుపత్రికి తీసికొని పోవుచుండెను. ఆ దినమున మేము రంగు డబ్బా మూత తీయలేదు. మెకానిక్కును పిలిపించి పిన్నులు, తొడుగులు, రెండు ముందు చక్రముల ప్యాడ్లు మార్పించితిమి. రంగు మరుసటి వారము వేసితిమి.

ఇక పని చేయు క్రమము చెప్పెదను. సమమైన నేలమీద కారు నిలిపి, వెనుక చక్రములకు రాళ్లు అడ్డము పెట్టుడి. జాకీతో లేపిన పిమ్మట గట్టి స్టాండ్లమీద నిలుపుడి. జాకీని మాత్రమే నమ్మి చేయి లోపల పెట్టరాదు. బ్రేకు ధూళిని నోటితో ఊదకుడి. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాసు ఉండవచ్చును; అది ఊపిరితిత్తులకు హాని. ముక్కునకు మాస్కు కట్టుకొని, బ్రేకులు కడుగుటకు అమ్ము ద్రవముతో తడిపి తుడువుడి. కాలిపరును ఊడదీసినయెడల రబ్బరు గొట్టముమీద వ్రేలాడనీయక తీగతో కట్టుడి. పిమ్మట వైరు బ్రష్షుతోను ఎమెరీ కాగితముతోను తుప్పును గీకి, జిడ్డు లేకుండ మరల కడిగి, ఆరనిండు. ఈ పనికే ఎక్కువ సమయము పట్టును. రంగు పూయుట దీనియెదుట స్వల్పమైన పని.

ఎద్దుబండి పలకలకు రంగు వేయుదుము గాని ఇరుసునకు కందెనయే వేయుదుము గదా! అట్లే డిస్కునకు, ప్యాడ్లకు, పిన్నులకు, రబ్బరు తొడుగులకు, గొట్టమునకు, గాలి తీయు నిపులునకు రంగు తగులకుండ టేపు అంటించుడి. తలుపులకు వేయు రంగు పనికిరాదు. కొండదారి దిగునప్పుడు డిస్కు వేడి 300 డిగ్రీలు దాటవచ్చును. వేడికి నిలుచునట్టి కాలిపరు రంగునే తెచ్చి, పలుచగా రెండు మూడు పూతలు వేయుడి. బ్రేకు ఆయిలు చుక్క పడినను రంగు లేచిపోవును గనుక జాగ్రత్త. బాగుగా ఆరిన తరువాత టేపు తీసి, చక్రపు నట్లను ఎదురెదురుగా బిగించుడి. కారు కదలించుటకు ముందు, పెడలు గట్టిపడువరకు పలుమారులు త్రొక్కి చూడుడి. మొదట మెల్లగా నడిపి పరీక్షింపుడి.

ప్రియ చదువరులారా, విప్పినప్పుడు చిట్లిన రబ్బరు గాని, కారిన ఆయిలు గాని, బిగిసిన పిన్ను గాని కనబడినయెడల రంగు డబ్బాను ప్రక్కన పెట్టి, పని తెలిసినవానిని పిలువుడి. పండుగకో పెండ్లికో కారు ఎర్రగా మెరియకపోయినను ఎవరికిని నష్టము లేదు. అందులో కూర్చుండు ముసలితల్లి క్షేమముగా ఇల్లు చేరుటయే ముఖ్యము.