మిగిలిన ముక్కలు

బ్లాక్‌జాక్‌లో గెలుపంతా అదృష్టమేనా అంటే, కాదనే చెప్పాలి. పడిన ముక్కలు గుర్తుపెట్టుకుంటే కాసినోని ఓడించవచ్చని 1962లో ఎడ్వర్డ్ థార్ప్ అనే లెక్కల ప్రొఫెసరు పుస్తకమే రాశాడు. చిన్న ముక్కలు వెళ్ళిపోయి పదులూ, ఆసులూ మిగిలాయా, పందెం పెంచాలి. మూత తియ్యకుండానే డబ్బాలో కందిపప్పెంతుందో చెప్పే మనకి ఇదొక విద్యా! తీరా చూస్తే దక్కేది నూటికి రూపాయి, మహా అయితే రూపాయిన్నర. అదీ వేల ఆటలమీద, సగటున. ఈలోగా జీతం కరిగిపోతే?

లాస్‌వేగాస్ వెళ్తానంటున్న మా చెల్లెలి మొగుణ్ణి అదే అడిగాను. "నాకు లెక్కలొచ్చు వదినా!" అన్నాడు. లెక్కలొచ్చినవాణ్ణే అక్కడ పోల్చుకుని, ఇక దయచెయ్యమంటారు. లెక్కపెట్టడం నేరమేం కాదు మరి! న్యూజెర్సీలో 1982లో కోర్టు అలా గెంటకూడదంటే, కట్టలమీద కట్టలు కలిపి ఆడించారు. ఓడేవాణ్ణి మాత్రం ఎవరూ లేవమనరు.

మా చెల్లెలు బాంకు పుస్తకం తెచ్చి నా బీరువాలో పెట్టి వెళ్ళింది.