పాత కారు చెప్పిన పాఠం

తెలుగు బోధించేవాడికి కారు మరమ్మతుతో పనేమిటని మీరు అడగవచ్చు. పద్యానికి గణవిభజన చేసినంత సులువుగా ఇంజను భాగాలను విడదీయడం నాకు రాదు. అయినా కొన్ని సంవత్సరాలుగా నా ఆదివారపు ఉదయాలు కర్నూలులో మా ఇంటి వాకిట నిలిచి ఉన్న ఒక పాత కారు పక్కనే గడుస్తున్నవి. తరగతి గదిలో నేను చెప్పే పాఠాల కంటె విలువైన పాఠం ఒకటి అది నాకు చెప్పింది. అందులో నా తప్పే ప్రధానమైనది గనుక దాచకుండా చెబుతాను.

అది 1983లో తయారైన ప్రీమియర్ పద్మిని. ఇటలీ దేశపు ఫియట్ 1100 నమూనాననుసరించి ముంబైలోని కుర్లా కర్మాగారంలో తయారైన ఈ బండ్లకు చిత్తోడు రాణి పేరు పెట్టారు. ఇంజను పరిమాణం 1089 సీసీ. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటుంది. ఒకనాడు ముంబై వీధులను నింపిన పద్మినీ టాక్సీల కాలం 2023 అక్టోబరుతో ముగిసిపోయింది. మా అబ్బాజాన్ ఈ బండిని 1995లో సెకండ్‌హ్యాండులో కొన్నారు. ఆయన పోయిన తరువాత దీనిని అమ్మడానికి అమ్మీ ఒప్పుకోలేదు. పదిహేనేండ్లు నిండిన సొంత కారుకు పరీక్ష చేయించి, ఐదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఆ బాధ్యతతో పాటు బండి ఆలనాపాలనా కూడా నా మీద పడింది.

అబ్బాజాన్ కాలం నుంచి ఈ బండికి వైద్యుడు ఒక్కడే. పాతబస్తీలో షెడ్డు నడిపే ఒక వృద్ధ మెకానిక్. అందరూ ఆయనను ఉస్తాద్ అంటారు. ఒక వేసవిలో ఆయన కార్బురేటరు విప్పి శుభ్రం చేసి ఇచ్చారు. రెండు వారాల తరువాత అమ్మీని వెంటబెట్టుకొని నంద్యాలకు ఒక పెండ్లికి బయలుదేరాను. ఓర్వకల్లు సమీపంలో, మిట్టమధ్యాహ్నం, బండి ఆగిపోయింది. ఎండకు పంపులో పెట్రోలు ఆవిరై ప్రవాహం ఆగిపోవడం పాత బండ్లలో ఉన్నదే. పంపు మీద తడిగుడ్డ వేసి అరగంట ఆగాను. బండి కదిలింది. పది మైళ్ళు పోయి మళ్ళీ ఆగింది. మళ్ళీ తడిగుడ్డ, మళ్ళీ ప్రయాణం. మేము చేరేసరికి నికాహ్ అయిపోయింది. అమ్మీ ఒక్క మాట కూడా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

తడిగుడ్డతో బండి కదిలింది గనుక దోషం పెట్రోలుదేనని నిశ్చయించుకున్నాను. పెట్రోలు మార్గంలో చివరిగా చేయి పెట్టినవాడు ఉస్తాద్. మంచి భాగాన్ని తీసుకొని పాతది బిగించి ఉంటాడని మనసులో తోచింది. తోచినదానిని మరునాడే షెడ్డుకు పోయి, ఆయన శిష్యుల ముందు, నోటితో అనేశాను. ఆయన చేతిలోని పానా కింద పెట్టి, "బేటా, బండి ఆగినప్పుడు తడిగుడ్డ వేయకుండా చూడు. పెట్రోలు వస్తున్నదా? ప్లగ్గు దగ్గర నిప్పు వస్తున్నదా? రెండూ చూసి రా" అన్నారు. అంతే.

పౌరుషం కొద్దీ ఆ సాయంత్రమే వాకిట్లో ఇంజను నడిపి, వేడెక్కి ఆగేవరకు వేచి ఉన్నాను. పంపు గొట్టం విప్పి ఒక సీసాలో పట్టాను. పెట్రోలు ధారగా వచ్చింది. గొట్టం బిగించి, ఒలికినది పూర్తిగా ఆరిన తరువాతనే నిప్పురవ్వ పరీక్షకు పూనుకున్నాను. ఈ రెండింటినీ ఒకేసారి ఎన్నడూ చేయరాదు. రబ్బరు పిడుల పటకారుతో తీగను పట్టి చూస్తే రవ్వ పసుపుపచ్చగా, నీరసంగా ఉన్నది. డిస్ట్రిబ్యూటరు మూత తీస్తే, పాయింట్లు విడివడినప్పుడల్లా వాటి మధ్యనే పెద్ద మెరుపు. వాటి ముఖాలు నల్లగా కాలిపోయి ఉన్నవి.

అది కండెన్సరు లోపం. పాయింట్లు తెరుచుకొనే క్షణంలో విద్యుత్తు అక్కడ మెరుపై వృథా కాకుండా కండెన్సరు అడ్డుకుంటుంది. అప్పుడే కాయిలు నుంచి ప్లగ్గుకు బలమైన రవ్వ అందుతుంది. లోపమున్న కండెన్సరు వేడికి చతికిలబడి, చల్లారగానే కోలుకోవచ్చు. అంటే ఓర్వకల్లు దగ్గర బండిని కదిలించినది నా తడిగుడ్డ కాదు, గడిచిన అరగంట.

ఆ కండెన్సరును బిగించినది ఎవరు? నేనే. ఉస్తాద్ బండి ఇచ్చిన వారానికి, చౌకగా దొరికిందని కొని, పాయింట్లతో పాటు నా చేతులతో మార్చాను. ఆ సంగతి నాకు జ్ఞాపకమే రాలేదు. అదృష్టవశాత్తు పాత కండెన్సరును ఒక డబ్బాలో దాచి ఉంచాను. దానిని బిగించి, పాయింట్లను ఆకురాయితో రుద్ది, సందును అర మిల్లీమీటరుకు లోపుగా సరిచేశాను. రవ్వ నీలంగా, చిటుక్కుమంటూ వచ్చింది. ఆ రాత్రి ఇంజను గంటసేపు ఆగకుండా నడిచింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

మా ఇండ్లలో బద్‌గుమానీ అనే మాట ఉన్నది. ఆధారం లేకుండా ఎదుటివారిని చెడుగా తలచడం. చిన్ననాటి నుంచి ఆ మాట వింటూ, పెద్దవాడినై ఆ పనే చేశాను. మరునాడు షెడ్డుకు పోయి, ఆ శిష్యుల ముందే, నా తప్పు చెప్పుకొని క్షమాపణ అడిగాను. పదిమందిలో అన్న మాటను ఏకాంతంలో వెనక్కి తీసుకోవడం న్యాయం కాదు. ఉస్తాద్ చాయ్ తెప్పించి, "పాతది పారేయకుండా ఉంచావు, మంచి పని" అని మళ్ళీ పనిలో పడ్డారు.

విద్యార్థులారా, మీలో ఎవరి ఇంటనైనా పాత బండి ఉంటే కొన్ని మాటలు గుర్తుంచుకోండి. వేడిగా ఉన్న రేడియేటరు మూత తీయకండి. జాకీ ఒక్కదానినే నమ్మి బండి కిందికి దూరకండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు త్వరగా చెడవచ్చు గనుక తరచు పరీక్షించండి. ప్లగ్గు విప్పినప్పుడు దాని రంగు చూడండి. లేత గోధుమరంగు ఆరోగ్యానికి గుర్తు. పొడి నల్లమసి పెట్రోలు ఎక్కువైందని, నూనె తడి ఇంజను అరిగిందని చెబుతుంది. ఒక్కసారికి ఒక్క భాగాన్నే మార్చండి. మార్చినది, మార్చిన తేదీ ఒక పుస్తకంలో రాసుకోండి. నేను రాసుకొని ఉంటే ఒక పెద్దమనిషి మనసు నొప్పించి ఉండేవాడిని కాను.

ఇప్పుడు మా బండిలో అటువంటి పుస్తకం ఒకటి ఉన్నది. దాని మొదటి పుటలో మొదటి పంక్తి: కండెన్సరు, బిగించినవాడు నేను.