వేలితో కొలిచిన భూమి

ఆ ఊళ్లో ఉన్నవి ఏడంటే ఏడే ఇళ్లు. ఏడూ గుండ్రంగా ఉంటాయి. నేలను తాకుతూ మొదలైన గడ్డికప్పు పైకి పోయేకొద్దీ సన్నబడి మొనదేలుతుంది. దూరం నుంచి చూస్తే ఎవరో కొండమీద ఏడు గడ్డివాములు వేసిపోయినట్టుంటుంది. పొద్దున్నే మబ్బు దిగిందా, అవీ కనపడవు. మబ్బు విడేకొద్దీ ఒక్కో మొనా బయటపడుతుంది. ఆ తర్వాత ముంగిట్లో చాపల మీద ఆరబోసిన కాఫీ గింజలు, వాటిని కాళ్లతో కెలికే కోళ్లు, ఆ కోళ్లను అదిలించే పిల్లలు!

ఇండొనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో, సముద్రమట్టానికి దాదాపు 1,100 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరి పేరు వాయ్ రెబో. కొమొడో డ్రాగన్లను చూడ్డానికి వచ్చే పర్యాటకులు దిగే లాబువాన్ బాజో రేవు నుంచి కొన్ని గంటలు బండిలో ప్రయాణిస్తే దెంగె అనే పల్లె వస్తుంది. అది దాటాక కాసేపటికి బండ్ల దారి అయిపోతుంది. ఆపైన కాళ్లే దిక్కు. అడవిలో అంతా ఎక్కుడే. అలవాటు లేనివాళ్లకు రెండు మూడు గంటలు పడుతుంది. ఊరివాళ్లు మాత్రం బస్తాలు మోసుకుంటూ చకచకా ఎక్కేస్తారు. ఆ ఎత్తులో వరి పండదు కాబట్టి తినే ప్రతి బియ్యపు గింజా కింది నుంచి మనిషి మోసి తేవాల్సిందే. కిందికి దిగేటప్పుడు అదే వీపున కాఫీ బస్తా.

ఇంత అవస్థపడి అక్కడే ఎందుకుండటం? జవాబు ఆ ఇళ్లలోనే ఉంది.

ఇంటిని వాళ్లు 'మ్బారు నియాంగ్' అంటారు. దూలాలనూ వాసాలనూ మేకులతో కాదు, పేము తీగలతో బిగిస్తారు. బయటికి ఒకే కప్పులా కనిపించినా లోపల అయిదు అంతస్తులు. కింద మనుషులు ఉంటారు. ఆపై అంతస్తులో తిండిగింజలు, సామాన్లు. మూడోదానిలో వచ్చే ఏటి విత్తనాలు. నాలుగోది కరువొస్తే తీయడానికి దాచుకునే నిల్వ. అయిదోది, అన్నిటికన్నా పైది, పెద్దలకు నైవేద్యం పెట్టే చోటు. ఇల్లు, గాదె, విత్తనాల కొట్టు, దేవుడి గది... అన్నీ ఒకదానిమీద ఒకటన్నమాట. మధ్యలో పొయ్యి. పొగ గొట్టం లేదు కదా అని జాలిపడక్కర్లేదు. కొయ్యనూ గడ్డినీ పురుగు పట్టకుండా కాపాడేది ఆ పొగే.

ఆ ఇల్లెవరిది అనడిగితే మాత్రం చెప్పడం కష్టం. అన్నిటికన్నా పెద్దదైన డోళ్ల ఇంట్లో ఎనిమిది కుటుంబాలు, మిగతా ఇళ్లలో ఆరేసి కుటుంబాలు ఉంటాయి. గుండ్రటి గోడ వెంబడి ఒక్కో కుటుంబానికి ఒక్కో గది. ఆ గది ఒక్కరి సొత్తు కాదు, ఆ వంశశాఖది. అమ్మడానికి వీల్లేదు. మరి కుటుంబాలు పెరిగితే? పెరిగినవాళ్లు కొండ కింద కొంబో అనే జంటపల్లెకు దిగుతారు. బడి కూడా కిందే. దాంతో చదువుకునే పిల్లలు కింద, కాఫీ తోటలు చూసుకునే పెద్దలు పైన. ఒకే కుటుంబం రెండు ఊళ్లలో కాపురం!

వేలెడు చోటు

వాయ్ రెబో జనం మాంగరాయ్ తెగవాళ్లు. ఊరికి డోళ్ల ఇల్లు ఎంతో, ఊరి బయటి ఉమ్మడి పొలం అంత అన్నది ఆ తెగలో పాతమాట. ఒకటి లేకుండా రెండోది లేదు. ఆ ఉమ్మడి పొలాన్ని 'లింగ్కో' అంటారు. రుతెంగ్ పట్టణానికి దగ్గర్లోని చన్‌చార్‌లో గుట్ట ఎక్కి చూస్తే అచ్చం సాలెగూళ్లలా కనిపించే వరిమళ్లు ఇవే.

ఆ సాలెగూడు వెనక పంపకం లెక్క ఉంది. భూమి పంచే పెద్దను 'తువా తెనో' అంటారు. ఆయన పొలం నడిబొడ్డున కొయ్య పాతి పూజ చేయిస్తాడు. ఆ కొయ్య దగ్గర వేళ్లు ఆనించి గుర్తులు పెడతాడు. ఒక్కో గుర్తు నుంచి పొలం అంచుదాకా ఒక్కో గీత. మొదట్లో వేలెడే ఉన్న చోటు అంచుకు చేరేసరికి పెద్ద చెక్క అవుతుంది. అందరికీ సమానమేం కాదు. ఊరి పెద్దకూ, పంచిపెట్టే పెద్దకూ ఎక్కువ వేళ్లు దక్కుతాయి. పొరుగూరి నుంచి వచ్చినవాడికీ దారి ఉంది. కోడినీ కల్లునూ పట్టుకెళ్లి పెద్దల్ని అడిగితే అతనికీ ఓ చెక్క ఇస్తారు. రాత లేదు, కోతా లేదు. ఆ రోజు అక్కడున్నవాళ్లే సాక్ష్యం.

చిక్కంతా అక్కడే. ఏటా చోటు మార్చి మొక్కజొన్నో మెట్టవరో వేసిన రోజుల్లో ఇది బాగానే నడిచింది. కాఫీ చెట్టు అలా కాదు కదా! నాటినవాడి కొడుకూ, మనవడూ అదే చెట్టు కింద నిలబడి ఇది మాదంటారు. పంపకం చూసిన ముసలివాళ్లేమో ఒక్కొక్కరే వెళ్లిపోతారు. 1960 నాటి ఇండొనేషియా భూచట్టం తెగల ఉమ్మడి హక్కును కాదనలేదు. కానీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో చాలాకాలం చెల్లింది మనిషి పేరున్న కాగితమే.

అడవి సంగతి ఇంకా చేదు. ఇదే మాంగరాయ్‌లో చొలొల్ ప్రాంతం కాఫీకి పేరుమోసింది. తోటలు రక్షిత అడవిలో ఉన్నాయంటూ అధికారులు 2003, 2004ల్లో కాఫీ చెట్లను నరికించేశారు. తాతలు పెట్టిన చెట్లవి. 2004 మార్చి 10న రుతెంగ్ పోలీసు స్టేషన్ దగ్గరికి వెళ్లిన రైతుల మీద కాల్పులు జరిగాయి. 6 మంది చనిపోయారు. తెగల అడవి సర్కారు అడవి కిందికి రాదని ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం తేల్చడానికి 2013 దాకా పట్టింది. ఆ తీర్పు తర్వాత కూడా ఫలానా తెగ ఉందని ముందు స్థానిక ప్రభుత్వం ఒప్పుకుని రాసివ్వాలి. తరతరాలుగా ఉన్నవాళ్లు తాము ఉన్నామని రుజువు చేసుకోవాలి!

అతిథి దారి

2008లో యోరి అంతర్ అనే ఇండొనేషియా ఆర్కిటెక్ట్ బృందంతో కలిసి వాయ్ రెబోకు ఎక్కేసరికి ఏడిళ్లలో మిగిలినవి నాలుగే. మిగతావి కట్టాలంటే డబ్బు లేదు. కట్టడం తెలిసిన పెద్దలు కొద్దిమంది. దాతలు సాయం పట్టారు. కట్టింది మాత్రం ఊరివాళ్లే. ముసలివాళ్లు చెబుతుంటే కుర్రాళ్లు దుంగలు మోసి, తీగలు బిగించి నేర్చుకున్నారు. 2012లో ఈ పనికి ఆసియా-పసిఫిక్ వారసత్వ అవార్డుల్లో యునెస్కో అగ్ర పురస్కారమిచ్చింది. అప్పట్నుంచి కెమెరాల తాకిడి మొదలైంది.

దానికీ ఊరు ఓ పద్ధతి పెట్టుకుంది. వచ్చినవాళ్లు ఊరి ముందు వెదురు గంట కొట్టి కబురు చేయాలి. ముందుగా డోళ్ల ఇంటికెళ్లి కూర్చోవాలి. అతిథులొచ్చారని పెద్దాయన పితృదేవతలకు విన్నవిస్తాడు. అదయ్యేదాకా ఫొటోల్లేవు. అయ్యాక వాళ్లు పరాయివాళ్లు కాదు, ఇంటికొచ్చిన పిల్లల్లాంటివాళ్లు. రాత్రికి అందరికీ ఒకే గుండ్రటి గదిలో చాపల మీద పడక. వాళ్లిచ్చే డబ్బు ఉమ్మడి సంఘానికి చేరుతుంది.

మరి ఆ ఇంటి ఆడపిల్లల మాటేమిటి? వాయ్ రెబో మూలపురుషుడు ఎంపో మారో సుమత్రా దీవిలోని మినాంగ్‌కబావ్ నుంచి వచ్చాడని కథ. విచిత్రమేమిటంటే మినాంగ్‌కబావ్‌లో ఇల్లూ భూమీ తల్లి నుంచి కూతురికి వస్తాయి. ఇక్కడ పూర్తిగా తిరకాసు. మాంగరాయ్‌లో బిడ్డ పుట్టగానే బయటున్నవాళ్లు గోడమీద తట్టి అడుగుతారు... 'లోపలి మనిషా? బయటి మనిషా?' లోపలి మనిషంటే కొడుకు. బయటి మనిషంటే కూతురు. ఈడపిల్ల కాదు, 'ఆడ' పిల్ల అని తెలుగిళ్లలో అన్నట్టే. కొడుక్కి పొలం వస్తుంది. కూతురికి పుట్టింటివాళ్లు మనసుపడి ఇస్తే ఓ చిన్న చెక్క, అంతే. పెళ్లప్పుడు అల్లుడి తరఫువాళ్లు ఇచ్చే పశువులూ డబ్బూ చేరేది ఆమె పుట్టింటికి.

నవంబరులో మాంగరాయ్ కొత్త సంవత్సరం, 'పెంతి' పండుగ. ఎక్కడెక్కడో స్థిరపడ్డవాళ్లంతా కొండెక్కుతారు. డోళ్లు మోగుతాయి. ఇంట్లో ఎవరి చోట వాళ్లు కూర్చుంటారు. పండగలకూ, అన్నదమ్ముల పెళ్లిళ్లకూ, చావులకూ పుట్టింటి నుంచి కబురు అందుకుని, తమవంతు డబ్బో పందో సర్దుకుని వచ్చేవాళ్లలో ఆ బయటి మనుషులూ, వాళ్ల భర్తలూ తప్పకుండా ఉంటారు.