కడుపు తిప్పి చూస్తే తెలిసే చేప

భీమేశ్వరస్వామిని కళ్లారా చూడాలంటే ద్రాక్షారామంలో మెట్లెక్కాల్సిందే. స్ఫటిక లింగం రెండంతస్తుల ఎత్తుంటుంది మరి! కింద దణ్ణం పెట్టుకుని, పై అంతస్తుకెళ్లి అభిషేకం చూస్తారు భక్తులు. పంచారామాల్లో ఒకటైన ఈ క్షేత్రంలోనే అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకరైన మాణిక్యాంబ అమ్మవారూ కొలువై ఉన్నారు. ఆలయ గోడల మీద, స్తంభాల మీద ఎక్కడ చూసినా శాసనాలే. పక్కనే సప్తగోదావరి గుండం. గోదారమ్మను సప్తర్షులు ఇక్కడికి తీసుకొచ్చారని స్థలపురాణం.

గుడి దాటితే పచ్చటి చేలు, వాటి మధ్య కాలువలు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర చలవతో పారిన తూర్పు డెల్టా నీళ్లవి. నీళ్లుంటే చేపలు, చేపలుంటే వాటికో పేరు! ఈ సీమలో చేపను గుర్తుపట్టడం చిన్నప్పుడే అబ్బే విద్య. సముద్రంలో ఉన్నంతకాలం విలస, గోదారికి ఎదురీదితే అదే పులస... ఒకే చేపకు రెండు పేర్లు పెట్టుకున్నవాళ్లు ఇక్కడివాళ్లు. మీసాల చేపల్లోనూ అంతే. జెల్ల, వాలుగ, మార్పు, ఇంగిలాయి... బుట్టలో చెయ్యి పెట్టకుండానే ఏది ఏదో చెప్పేస్తారు.

అలాంటివాళ్లను కూడా తికమక పెట్టే చేప ఒకటి కొన్నేళ్లుగా డెల్టా వలల్లో పడుతోంది. నల్లగా, గరుకుగా ఉంటుంది. ఒంటి నిండా మచ్చలు, వెన్ను మీద తెరచాపలా లేచే రెక్క. జనం దానికి పెట్టిన పేరు దెయ్యం చేప.

ఏమిటీ వింత?

దాన్ని గుర్తుపట్టాలంటే ముందు ఒళ్లు తడిమి చూడాలి. మన వాలుగ, జెల్ల నున్నగా ఉంటాయి. దీనికేమో ఎముక పలకలు డాలు కప్పినట్టు వరసగా ఉంటాయి. తర్వాత నోరు. మన చేపలకు ముందువైపు ఉంటే దీనికి కిందివైపు గుండ్రంగా, దేన్నయినా పట్టుకుని పీల్చేలా ఉంటుంది. ఇక వెన్ను మీది రెక్కలో మొదటి ముల్లు వదిలేసి మెత్తటి పుల్లల్ని లెక్కపెట్టాలి. మామూలుగా పదికి తగ్గవు. దీని దగ్గరి చుట్టమైన హైపోస్టోమస్‌కు ఏడే. ఈ లెక్కతోనే ఇది ‘టెరిగోప్లిక్తిస్’ అని తేలుతుంది.

చివరి పరీక్ష, వెల్లకిలా తిప్పడం! కడుపు మీద చుక్కలు విడివిడిగా ఉంటే ‘పార్డాలిస్’ అంటారు. చిరుతపులి మచ్చల్ని బట్టి వచ్చిన పేరది. చుక్కలు ఒకదాంతో ఒకటి కలిసి పురుగులు పాకినట్టు గీతలైతే ‘డిస్‌జంక్టివస్’. అయితే రెండు రకాల గుర్తులూ ఒకే ఒంటి మీద ఉన్న చేపలూ దొరుకుతుంటాయి. రెండు జాతులూ కలిసిపోవడం వల్లే ఇలా జరుగుతోందని చాలామంది నిపుణుల అనుమానం. అందుకే కంటిచూపుతో తేల్చలేనప్పుడు డీఎన్‌ఏ పరీక్షకు వెళ్తారు.

గాజు తొట్టి నుంచి గోదారికి

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. మరి ఇంతదూరం ఎలా వచ్చింది? ఈదుకుంటూ కాదు, అక్వేరియాల కోసం. తొట్టి అద్దానికి పట్టిన పాచిని తింటుందని ‘ట్యాంక్ క్లీనర్’, ‘సక్కర్’ పేర్లతో అమ్ముతారు. కొన్నప్పుడు వేలెడంత, పెరిగితే మూరెడు! తొట్టి చాలదు, చంపడానికి చేతులు రావు. ‘పోనీలే, బతికిపోతుంది’ అని కాలువలోనో చెరువులోనో వదిలేస్తారు. ఆ జాలే కొంప ముంచుతోంది.

ఎందుకంటే అది నిజంగానే బతికేస్తుంది. నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే పైకొచ్చి గాలి మింగి, పొట్టతోనే ఊపిరి తీసుకుంటుంది. తడి ఉంటే గట్టు మీద కూడా గంటల తరబడి ప్రాణం నిలుపుకుంటుంది. గట్లకు మీటరు లోతు దాకా బొరియలు తవ్వి గుడ్లు పెడితే, మగచేప కాపలా కాస్తుంది. బొరియలతో గట్టు గుల్లవుతుంది. ముళ్లు నిగిడి వలలో చిక్కుకుంటే వల కోయక తప్పదు. కొనేవాళ్లుండరు. వల పోయిన రోజు కూలీ పోయినట్టే. మన చేపలు తినాల్సిన మేతకూ అది పోటీ.

ఇది ఒక్క డెల్టా గొడవే కాదు. కేరళలో తిరువనంతపురం చాకై కాలువలోనూ, తెలంగాణ చెరువుల్లోనూ ఈ చేప కనిపించింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు చేపను పట్టకుండానే ఆచూకీ తీసే పద్ధతి రూపొందించారు. నీటిలో చేప వదిలే డీఎన్‌ఏ ఆనవాళ్లను వెతుకుతారన్నమాట. తూర్పు కనుమల్లో వాళ్లు పరిశీలించిన నీటివనరుల్లో 60 శాతం చోట్ల ఈ చేప చేరిపోయిందని 2024లో వెల్లడైంది.

వదలడం పుణ్యం కాదు

పరిష్కారం తేలికే. పెంచలేకపోతే చేపను అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వాలి. లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు అప్పగించాలి. పుణ్యక్షేత్రమైనా సరే గుండంలో, కోనేటిలో, కాలువలో వదలకూడదు. వలలో పడితే తిరిగి నీళ్లలో వేయకూడదు. పైనుంచి ఒకటి, కడుపు వైపు నుంచి ఒకటి ఫొటోలు తీసి మత్స్యశాఖవాళ్లకు చూపిస్తే పేరు తేల్చడం సులువవుతుంది.

పులసకూ విలసకూ తేడా చెప్పగల సీమ ఇది. గోదారిలో కొత్తగా చేరిన ఈ చుట్టాన్నీ గుర్తుపడితేనే పాత చుట్టాలకు చోటు మిగులుతుంది.

ఎలా వెళ్లాలి?

ద్రాక్షారామం కాకినాడకు సుమారు 30, రాజమండ్రికి సుమారు 50 కిలోమీటర్ల దూరం. రామచంద్రపురం మీదుగా బస్సులుంటాయి. దర్శనమయ్యాక కోటిపల్లి రేవుకెళ్తే గౌతమి గోదావరిని కూడా చూసి రావచ్చు.