కన్నది చెప్పుట: పొందూరు పర్యటన

విజయనగరము వైపునుండి పాసెంజరు బండిలో చీపురుపల్లి, సిగడాము దాటి పొందూరులో దిగిన పరదేశిని ఊరివారు ఖద్దరు కొనవచ్చినవానిగానే తలంతురు. 1949లో స్థాపితమైన ఆంధ్ర ఫైను ఖాదీ కార్మికాభివృద్ధి సంఘమును, ఆ సంఘము కొట్టులో మడతలు పెట్టిన నూరు కౌంటు పంచెలను నేనును చూచితిని. కాని నా రాకకు ముఖ్యోద్దేశము వేరు. నేరమునకు గురియైనవాడును, నేరమును కన్నవాడును, వీధిలో అనుమానాస్పద సంచారమును గమనించినవాడును ఆ సంగతిని పోలీసులకు ఎట్లు చెప్పుచున్నారో, చెప్పుటకేల జంకుచున్నారో, నిత్యము పనిపాటలతో బ్రతుకు ఇట్టి ఊరిలోనే తెలిసికొనవలెనని వచ్చితిని.

నేతగాండ్ర వీధిలో ఒక ముసలమ్మ అరుగుమీద కూర్చుండి, సన్నని పళ్ళ వరుస గల వాలుగ చేప దవడతో గింజనంటియున్న పత్తిని దువ్వుచుండెను. దువ్విన కొలదియు నలకయు, పుల్లయు, ఎండుటాకు తునుకయు ఒడిలో రాలుచుండగా, గింజచుట్టు నార తెల్లగా విచ్చుకొనుచుండెను. ఆ చేతివేగమును చూచుచునే మాటలలో దింపితిని. వారి పక్కింటి కుర్రవాని మోటారుసైకిలు ఒకనాటి రాత్రి వీధిలోనుండి మాయమైనదట. “మూడ్రోజులు సుట్టాలిళ్లన్నీ ఎతికినారు బావూ. టేసనుకెల్తే ఏటడుగుతారో, ఏటంతారో అని బయం. ఎల్లేసరికి ఆలీసమయిపోనాది,” అని ఆమె దవడను పక్కన పెట్టి నిట్టూర్చెను. ఆ మూడు దినములలో ఆ బండి ఎన్ని జిల్లాలు దాటియుండునో ఎవరు చెప్పగలరు?

ఈ భయమునకు చరిత్ర లేకపోలేదు. మద్రాసు ప్రభుత్వము 1816లో చేసిన పోలీసు రెగ్యులేషను గ్రామపెద్దలపై నేరవార్తను పైకి తెలుపు బాధ్యతను మోపినది మొదలు, తలారి చూచుట, మునసబు వ్రాయుట, రైతు మౌనముగా నుండుట పల్లెలకు అలవాటైపోయెను. 1984లో మునసబు, కరణముల పదవులు రద్దయి మధ్యవర్తి తొలగిపోయినను, తానుగా ఠాణా మెట్లెక్కవలెనన్న ధైర్యము రైతునకు వెంటనే రాలేదు. అంతకుముందే 1967–70 నడుమ శ్రీకాకుళపు కొండపల్లెలలో సాయుధపోరాటము సాగిన దినములలో, ఒకవైపు పోలీసులకు, మరియొకవైపు పోరాట దళములకు నడుమ నలిగిన గిరిజనునకు, నోరు విప్పుటకంటె విప్పకుండుటయే ప్రాణరక్షణమై తోచెను. ఆ జంకు కొండలు దిగి మైదానపు ఊళ్ళకును పాకినదని నా నమ్మకము. 2019లో గ్రామ సచివాలయములు వెలసి, వానిలో మహిళా పోలీసు అను ఉద్యోగిని నియమింపబడుట ఈ దూరమును కొంత తగ్గించినది. ఠాణాకు పోలేని ఇల్లాలు తన ఊరి సచివాలయములోనే ఒక స్త్రీతో చెప్పుకొనగలుగుట చిన్న సంగతి కాదు.

అనంతరము పోలీసు స్టేషనునకు వెళ్ళితిని. రిసెప్షను బల్ల వద్ద నున్న మహిళా కానిస్టేబులు నేను అడిగిన ప్రశ్నలకు ఓపికతో బదులు చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము నేరవార్తను నోటితో చెప్పినను చాలును. అధికారి దానిని వ్రాసికొని, చెప్పినవానికి చదివి వినిపించి, సంతకము తీసికొనవలెను. నేరము ఏ ఊరి పొలిమేరలో జరిగినను ఏ ఠాణాలోనైనను చెప్పవచ్చును. జనులు జీరో ఎఫ్ఐఆర్ అని పిలుచునది ఇదియే. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపినవాడు మాత్రము మూడు దినములలో వచ్చి సంతకము చేయవలెను. పదునైదేండ్లలోపు బాలుని, అరువదేండ్లు దాటిన వృద్ధుని, స్త్రీని సాక్ష్యమునకై ఠాణాకు రమ్మని నిర్బంధింపరాదు. వారి ఇంటికే పోయి అడుగవలెను. పోలీసులు వారెంటు లేకయే అరెస్టు చేయగల నేరము జరిగినదని ఫిర్యాదువలన తేటపడినపుడు ఎఫ్ఐఆర్ నమోదు తప్పనిసరి యని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము లలితకుమారి కేసులో 2013 నవంబరు 12న తీర్పు చెప్పియే యున్నది. ముసలమ్మ వీధిలో ఈ మాటలలో ఒక్కటియు ఎవరికిని తెలియదు. తెలిసియుండినచో ఆ మూడు రోజులు వృథా కాకుండెడివి.

ఆలస్యమువలన పోవునది సొత్తు మాత్రమే కాదు. ఆలస్యముగా నిచ్చిన ఫిర్యాదులో తరువాత పుట్టిన కల్పనలు చేరునను అనుమానమును న్యాయస్థానములు పదే పదే వ్యక్తపరచినవి. 1972 నాటి తులియా కాళి కేసు అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. నేరము జరిగిన గదిలో వస్తువులను సర్దక, తలుపును, బీరువాను తాకక, వెంటనే 112కు ఫోను చేయుట ఉత్తమమని ఆ కానిస్టేబులు నొక్కి చెప్పెను. ఫోనులో మొదట చోటు చెప్పవలెను: ఊరు, వీధి, సమీపమునగల గుడియో బడియో. లైను తెగిపోయినను చోటు తెలిసినచో పోలీసు బండి బయలుదేరగలదు గదా! ఆపైన ఏమి జరుగుచున్నది, ఎవరికైన గాయమైనదా, వచ్చినవారు ఎటుపోయిరి, వాహనపు నంబరులో కనీసము చివరి అంకెలేవి అనునవి.

“అనుమానంగా ఉన్నాడండి అంటే మాకేం తెలుస్తుంది మాస్టారూ? ఏం చేశాడో చెప్పాలి,” అని ఆమె యనిన మాట నాకు అన్నింటికంటె విలువైనదిగా తోచినది. పరదేశి యగుట, చినిగిన బట్టలు తొడుగుట, అర్థముకాని భాష మాటలాడుట నేరములు కావు. తాళము వేసిన ఇంటి పెరటిగోడ దూకుట, అర్ధరాత్రి వరుసగా తలుపు గడియలను లాగి చూచుట, బడి గేటు వద్ద నిలిచి పిల్లలను బండి ఎక్కుమని పిలుచుట చెప్పదగిన సంగతులు. 2018 మే నెలలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాపులో పుట్టిన పుకారు తెలుగునాట ఊరూర వ్యాపింపగా, హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండరు స్త్రీని జనమూకలు కొట్టి చంపినవి. ఆ రాత్రి అక్కడ చేరిన వందలమందిలో పోలీసులు వచ్చువరకు చేతులను ఆపుకొనగలవారు కొందరున్నను ఆ నిండుప్రాణము నిలిచెడిది. ముసలమ్మ వాలుగ దవడతో నలకను నారనుండి వేరుచేసినట్లు, ఫిర్యాదిచ్చువాడు కన్నదానిని విన్నదానినుండి వేరుచేసి చెప్పవలెను. పొరుగువానిపై పగతో అబద్ధపు ఫిర్యాదిచ్చుటయే శిక్షార్హమగు నేరము.

ఫోనులో మోసపోయినవారు ఈ వీధిలోను కలరు. బ్యాంకునుండి డబ్బు జారిన క్షణముననే 1930కు చెప్పినచో అది చేతులు మారకముందే ఖాతాలలో నిలిపివేయుటకు అవకాశము కలదు. సిగ్గుపడి కొడుకునకుగూడ చెప్పక దాచుకొన్నవారి సొమ్ము తిరిగి వచ్చుట దుర్లభము. రైలులో సంచి పోయినచో 139, గంజాయి రవాణా కంటబడినచో 1972 అను నంబర్లు కలవు. పెండ్లికో తీర్థయాత్రకో ఇల్లు తాళము వేసి పోవువారు ముందుగా స్టేషనులో తెలియజేయుట మంచిది.

ఫిర్యాదును ఎచ్చటనైనను నిరాకరించినచో, దాని సారాంశమును వ్రాసి జిల్లా ఎస్పీకి తపాలాలో పంపుటకును, అప్పటికిని న్యాయము జరుగనిచో మేజిస్ట్రేటును ఆశ్రయించుటకును చట్టము దారి చూపినది. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదికి ఉచితముగా నీయవలెను. దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో తొంబది దినములలోపు తెలుపవలెను. ముసలమ్మ వీధికి తిరిగిపోయి ఈ రెండు సంగతులను ఆ కుర్రవానికి ఒక కాగితముపై వ్రాసి యిచ్చితిని. పాఠకులారా, మీ ఇంట అట్టి దుర్దినము వచ్చినపుడు చుట్టాల ఇండ్లకు కాక తిన్నగా ఠాణాకు పొండు. వ్రాసినదానిని చదివించి వినుడు. కేసు కట్టిన పిమ్మట ఎఫ్ఐఆర్ నకలు చేతికందువరకు అచ్చటినుండి లేవకుడని వేడుకొనుచున్నాను.